ఈత చొక్కా మీద కడుపుమంట

దేవుడి మీద, దెయ్యం మీద, జాతకాల మీద మాట్లాడమంటే నాకు ఇప్పటికీ మైకు అక్కర్లేదు. కానీ ఇప్పుడు చెప్పబోయేది ఒక చొక్కా గురించి. మణికట్టు దాకా చేతులుండి, ఒంటికి అతుక్కుపోయే నీలం రంగు నైలాన్ ఈత చొక్కా. దాన్ని చూస్తే నాకు కడుపుమంట. అది వేసుకున్న మా బావని చూస్తే ఆ మంట ఇంకా ఎక్కువ. అసూయ మనిషికి తగని గుణమని నీతులు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. అసూయ ఊరికే పుట్టదు. మనకి రావలసింది ఏదో ఇంకొకడికి పోయిందని అది ఫిర్యాదు చేస్తుంది. ఆ ఫిర్యాదు నిజమో కాదో విచారించాలి గానీ, అసలు ఫిర్యాదే లేదని బుకాయించడం హేతువాదం కాదు.

బావ అంటే మా మేనమామ కొడుకు. నాకంటే కొన్ని నెలలు పెద్ద. వాళ్లది రాజోలు వైపు వేదం చెప్పుకున్న ఇల్లు. మాదీ అలాంటిదే, నేను కాలేజీకి వెళ్లి చెడిపోయేదాకా. వాడు తండ్రి దగ్గర మంత్రం నేర్చుకుని పౌరోహిత్యంలో దిగాడు. నేను అమలాపురంలో కాలేజీ పిల్లలకి చరిత్ర చెప్పి, సాయంత్రాలు సభల్లో పౌరోహిత్యాన్ని చీల్చి చెండాడేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే ఆ పురోహితుడు మా ఇంటి వసారాలో కూర్చుని కాఫీ తాగేవాడు.

"నిన్న నన్ను బాగా ఉతికేవటగా బావా."

"నిన్ను కాదు, నీ వ్యవస్థని."

"అదేలే. చెల్లెమ్మని ఇంకొంచెం పంచదార వెయ్యమను."

అభిప్రాయాల్లో ఇంత దూరమున్నా ఒంటి తీరులో ఇద్దరం తాతగారి పోలికే. వాలు భుజాలు, పొడుగు చేతులు, నడుస్తుంటే కాస్త ఎడమకి ఒరిగే నడక. వెనకనుంచి చూసి మా అత్తయ్యే చాలాసార్లు పొరబడేది.

మా చిన్నప్పుడు కాలవలో స్నానం చేసే మగవాడి ఒళ్లు గోడమీద రాసిన ప్రకటన లాంటిది. ఒంటిమీద జంధ్యం ఉంటే ఒక రేవు, లేకపోతే ఇంకో రేవు. మొలతాడుకి కట్టిన తాయెత్తు, గావంచా నేత, గోచీ పెట్టిన పద్ధతి, అన్నీ మనిషి ఏ వీధివాడో చెప్పేసేవి. బట్టలు విప్పితే మనుషులంతా ఒకటేనని కవులు అంటూ ఉంటారు. వాళ్లెప్పుడూ మా కాలవగట్టు మీద నిలబడి ఉండరు. బట్టలున్నంతసేపు ఎవరెవరో తెలిసేది కాదు. విప్పితేనే తెలిసేది.

అందుకే నేను జంధ్యం తీసేశాక, ఆ సంగతి చెప్పడానికి కరపత్రం వేయలేదు. కాకినాడ వెళ్లి చిన్న నైలాన్ డ్రాయరు కొనుక్కుని, ఉత్త ఛాతీతో రెండో రేవులో దిగాను. దానికి వారం రోజులు ముందునుంచీ మనసులో ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ఎవరైనా "జంధ్యం ఏదిరా" అని అడిగితే చెప్పాల్సిన జవాబులన్నీ నోటికి వచ్చు. ఎవరూ అడగలేదు. రేవులో ఉన్నవాళ్లంతా నా డ్రాయరు చూశారు. అప్పటిదాకా మాకు తెలిసినవి గోచీ, గావంచా, పట్టాపట్టీల నిక్కరు, అంతే. ఇంత చిన్నది, ఇంత నున్నగా, తడిసినా బరువెక్కనిది ఎవరూ చూడలేదు. "ఎక్కడ కొన్నారండీ" అన్నదొక్కటే ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్న.

ఆ వేసవి దాటేసరికి మా ఈడు కుర్రాళ్లందరికీ నైలాన్ డ్రాయర్లే. లేనివాళ్లు నిక్కర్లతో దూరంగా, లాకు అవతల ఈదేవాళ్లు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. వాళ్లకే సిగ్గేసింది. బావకి మాత్రం సిగ్గెయ్యలేదు. గావంచాతోనే, జంధ్యం మెడలో దండలా వేసుకుని, మా మధ్యలోకే దిగేవాడు. నీళ్లలో గావంచా పైకి తేలి గొడుగులా విచ్చుకునేది.

"పంతులూ, తెరచాప ఎత్తేవా? అంతర్వేది దాకా పోతావా ఏంటి?" అని ఏడిపించేవాళ్లు.

"గాలి ఇటు లేదురా, ఉంటే పోదును" అనేవాడు.

అప్పుడు నాకు వాడంటే జాలి. ఆ జాలి ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత బెర్ముడాలు వచ్చాయి. పూల బొమ్మలవీ, గళ్లవీ. ఆ తర్వాత మోకాలి దాకా బిగుతుగా ఉండే నల్లవి. మొగాడి ఈతబట్ట ఏటేటా కిందకి దిగుతూ వచ్చింది. నేను మారలేదు. నాది ఫ్యాషన్ కాదు, సిద్ధాంతం. ఎలాస్టిక్ సడలితే అదే కొలతలో ఇంకోటి కొనేవాణ్ణి. అది ఇప్పుడు ఏ షాపులోనూ దొరకడం లేదని షాపువాడు నవ్వుతూ చెప్పిన రోజున కూడా నేను దాన్ని వ్యాపారుల కుట్రగానే భావించాను.

నాకు గర్వకారణమైనది ఒకటుండేది. శీతాకాలంలో, నది తేటపడ్డాక, పొద్దున ఈతకి వచ్చే మేమంతా కలిసి గోదావరి వైనతేయ పాయ ఈది అవతల లంకలోకి వెళ్లేవాళ్లం. అక్కడ కొబ్బరితోటలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు తిని, పడవలో తిరిగొచ్చేవాళ్లం. ఏటి ఈతలో ముందు ఒకడుండాలి. ఎప్పుడు దిగాలో, ఎటు పోవాలో వాడే చూడాలి. సముద్రం దగ్గరే కాబట్టి అక్కడ నీళ్లకి పోటూ పాటూ ఉంటాయి. పోటు నీటిని పైకి తోస్తుంది, పాటు సముద్రంలోకి లాగుతుంది. రెంటికీ మధ్య కాసేపు నది ఆగుతుంది. కొట్టుకొచ్చే గుర్రపుడెక్క ఉన్నచోటే నిలబడిపోతే అదే సమయం. అప్పుడు దిగి, నేరుగా కాకుండా ఎగువకి ఏటవాలుగా ఈదాలి, ఎందుకంటే సగం దూరం పోయేసరికి పాటు అందుకుంటుంది. నేరుగా పోయినవాడు లంక కొసన బురదలో తేలతాడు. ఏళ్ల తరబడి ఆ ముందు ఈదేవాణ్ణి నేనే. ఉపన్యాసంలో వెయ్యిమంది చప్పట్లు కొట్టినా, ఏటి మధ్యలో వెనక్కి తిరిగి చూస్తే నా వెంట వరసగా వస్తున్న తలలిచ్చే తృప్తి వేరు. అక్కడ ఎవరూ నాతో వాదించేవారు కారు.

ఆ మధ్య ఊరి చివర ఒకాయన కొబ్బరితోట కొట్టించి ఈతకొలను కట్టించాడు. కాలవలో గుర్రపుడెక్క పెరిగిపోయి, రొయ్యల చెరువుల మందు నీళ్లు కలిసి ఒళ్లు దురదలు రావడంతో మావాళ్లు ఒక్కొక్కరే అక్కడికి మళ్లారు. బావ మోకాళ్ల నొప్పులకి డాక్టరు చెప్పాడని ముందే చేరాడు. ఆఖర్న నేను వెళ్లాను. నా డ్రాయరుతో షవరు కింద నిలబడ్డానో లేదో, అక్కడి మేనేజరు కుర్రాడు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఇక్కడ మోకాళ్ల దాకా ఉండాలండీ."

"ఎందుకు?"

"రూలండీ."

"రూలుకి కారణం ఉండాలా, వద్దా?"

"ఆయ్, ఉండాలండీ. అదిగో, పిల్లల్ని తెచ్చిన అమ్మలు అక్కడ కూర్చుంటారండీ. మీరు పెద్దోరు, అంతకంటే ఏం చెప్పమంటారు."

వాడికి మొదటినుంచీ వివరించాను. ఈ ఊళ్లో ఈ బట్ట వేసుకోవడం ఒకప్పుడు తిరుగుబాటని, గోచీనుంచి మనిషిని విడిపించింది ఇదేనని. వాడు ప్రతి వాక్యానికీ "ఆయ్, ఆయ్" అంటూ విని, చివర్న చాలా మర్యాదగా ఒక తువ్వాలు అందించాడు. జీవితంలో నన్ను ఎందరో నాస్తికుడన్నారు, కులభ్రష్టుడన్నారు. అసభ్యంగా ఉన్నానని మొదటిసారి ఈ కుర్రాడు తువ్వాలుతో చెప్పాడు.

కొలనులోంచి బావ గొంతు వినిపించింది. తల మీద రబ్బరు టోపీ, పిలక దాని లోపల. కళ్లకి అద్దాలు. మోకాళ్ల దాకా నల్ల లాగు.

"బావా, దీన్ని మడి అనుకో. ఈ గుమ్మం దాటితే ఈ గుడ్డ. ప్యాంటు వేసుకుని గర్భగుళ్లోకి వెళ్తానా నేను?"

"నేను నలభై ఏళ్లుగా పోరాడింది ఆ మడి మీదే."

"పోరాడు, ఎవరొద్దన్నారు. ముందు మోకాళ్లు కప్పు."

అమ్మలంతా నవ్వారు. నేను ఇంటికొచ్చాను. కొన్నాళ్లకి, మోకాలికి సిద్ధాంతం లేదని నాకు నేనే నచ్చజెప్పుకుని నల్ల లాగు కొనుక్కున్నాను.

కొలనులో చూసినవేవీ నాకు మింగుడుపడలేదు. కాలవలో తెరచాప ఎత్తుకుని తేలిన మనిషి ఇక్కడ చేపలా ఈదుతున్నాడు. చిన్నప్పటినుంచీ ఊపిరి బిగబట్టి వేదం పనసలకి పనసలు వల్లించినవాడికి నీళ్లలో ఊపిరి ఆపడం కష్టమా? పిల్లల తల్లులు చెయ్యి ఎలా వెయ్యాలో వాణ్ణే అడుగుతారు, ముహూర్తం ఎప్పుడో వాణ్ణే అడుగుతారు. పొద్దున బృందానికి పెద్దగా ఉండే బట్టల షాపు యజమాని, వాడు రాకపోతే నీళ్లలోకి దిగడు. "పంతులుగారు ఏరండీ" అని గట్టుమీదే తిరుగుతాడు. నేను పక్కనే ఉంటాను. నన్ను "నమస్కారమండీ" అంటాడు. కోనసీమలో మనిషిని దూరం పెట్టడానికి నమస్కారాన్ని మించిన ఆయుధం లేదు. కొత్త ఆచారం వచ్చిన ప్రతిసారీ ప్రశ్నించినవాణ్ణి నేను. తల వంచినవాడు వాడు. మరి లోకం వాడి వెనక ఎందుకు వెళ్తోంది? ఈ ప్రశ్నతో నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు శీతాకాలం వచ్చింది. ఏటి ఈతకి బట్టల షాపాయన అందరికీ ఒకే రకం నీలం చొక్కాలు తెప్పించాడు. ఎండ తగలదు, చలి ఆపుతుంది, ఫొటోలో బాగుంటుంది. బృందం వాట్సాప్‌లో నేను పెద్ద వ్యాసమే రాశాను. నా ఉత్త ఛాతీ ఒక ప్రకటన అని, దాన్ని కప్పుకోవడం నా వల్ల కాదని. దానికి ఎవరూ జవాబు రాయలేదు. దండాల బొమ్మలు మాత్రం వచ్చాయి. మర్నాడు షాపాయన పెట్టాడు: "ఈసారి పంతులుగారు ముందు ఉంటారు. మాస్టారు పడవలో ఉండి సలహాలిస్తారు."

పడవలో ఉండి సలహాలు. ఆ మాట నేను ఎన్నిసార్లు చదివానో చెప్పను.

సాయంత్రం బావ వచ్చాడు. వాడు కాఫీ గ్లాసు పట్టుకోకముందే అందుకున్నాను.

"ఆ చొక్కా కింద నీ జంధ్యం ఉంది కదా?"

"ఉంది. నీ చొక్కా కింద ఉండదు. ఎవడికి తెలుస్తుంది?"

"తెలియాలి. అదే నా గొడవ."

"ఉన్నవాడు చూపించుకుంటే అహంకారం, లేనివాడు చూపించుకుంటే సంస్కరణా?"

దీనికి నా దగ్గర జవాబుంది, చెప్పాను. దాచుకోవడం వేరు, వదులుకోవడం వేరు. దాచుకున్నవాడు ఇంటికెళ్లి మళ్లీ బయటికి తీస్తాడు. చొక్కా కులాన్ని చంపదు, కప్పుతుంది.

బావ తలూపాడు. "నిజమే. కానీ ఒకటి విను. మొన్నామధ్య కొలనులో నా పక్కన ఒకాయన ఈదుతున్నాడు. టోపీ, అద్దాలు, ఈ చొక్కా. ఎవరో నాకు తెలీదు. ఇద్దరం గోడ పట్టుకుని రొప్పుతున్నాం. ఆయన తన సీసా ఇచ్చేడు, నీళ్లు తాగేను."

నేను గ్లాసు కింద పెట్టాను. వీడు పెళ్లిళ్లలో కూడా ఇంటినుంచి చెంబు తెచ్చుకునే మనిషి.

"ఎవరో తెలిస్తే తాగేవాడివా?"

"మర్నాడు తెలిసింది. నువ్వు ఏ పేట గురించి సభల్లో మాట్లాడతావో ఆ పేటాయనే. మళ్లీ సీసా చాపేడు. ఎలా వద్దనను? మొహమాటం. తాగేసేను. ఇప్పుడు రోజూ తాగుతున్నాను."

మొహమాటం. నేను చరిత్ర చెప్పాను, శాస్త్రం చెప్పాను, ఒకసారి ఇదే వసారాలో ఇదే మనిషి ముందు గొంతు బొంగురుపోయేదాకా వాదించాను. కదల్లేదు. మొహమాటానికి కదిలాడు. అందరిలాంటి బట్ట వేసుకుని, అందరిలో ఒకడై, పక్కవాడిని నొప్పించలేక చెయ్యి చాపాడు. నాకు సంతోషించాలని తెలుసు. ఏ హేతువాది అయినా సంతోషించాలి. నాకు మాత్రం గుండెల్లో ఎవరో కారం చల్లినట్టయింది. ఆ నీళ్లు వాడిచేత తాగించవలసినది నేను. నా జీవితమంతా అందుకే పెట్టుకున్నాను. ఆ పని ఒక నైలాన్ చొక్కా చేసేసింది.

"సరే, ఏట్లో ఎటు పోవాలో చెప్పు బావా. నాకు కొలను తప్ప తెలీదు" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

చెప్పాను. గుర్రపుడెక్క సంగతి, ఏటవాలు సంగతి, ఏ కొబ్బరిచెట్ల గుంపు కేసి గురి పెట్టాలో, అంతా. చెప్పకుండా ఉండాలని లేదా అంటే, ఉంది. కానీ నీళ్ల విషయంలో అబద్ధం చెబితే మనుషులు పోతారు.

ఈత రోజు తెల్లవారగానే స్నానాల గదిలో ఆ చొక్కా తొడుక్కుని చూశాను. షాపాయన నాకూ ఒకటి పంపాడు, మర్యాదకి. తల దూరింది గానీ చేతులు దూరక, మెడ దగ్గర చిక్కుకుని గుడ్డివాడిలా తడుముకుంటుంటే మా ఆవిడ తలుపు తోసింది.

"పడవలో కూర్చునే మనిషికి ఇదెందుకండీ?"

"చలి."

"ఆయ్, చలే." కిందకి గుంజింది. "ఊపిరి లోపలికి పీల్చండి. మీ వాదాలకి కొలతల్లేవు గానీ పొట్టకి ఉన్నాయి."

అద్దంలో చూసుకున్నాను. నా ఛాతీ లేదు. ఎవరో పొద్దున బృందం మనిషి ఉన్నాడు. చెబితే చిన్నతనంగా ఉంటుంది, బాగానే ఉన్నాడు.

ఏటిగట్టు మీద పొగమంచు పల్చగా ఉంది. నీలం చొక్కాలు, నల్ల లాగులు, టోపీలు, కళ్లద్దాలు, నాతో సహా. దగ్గరికి వెళ్తే తప్ప ఎవరెవరో తెలియడం లేదు. మేం దిగాల్సిన చోటికి కాస్త ఎడంగా బావ నడుములోతు నీళ్లలో తూర్పుకి తిరిగి అర్ఘ్యం ఇస్తున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నేను పడవ వైపు పోవాలి. పడవ వెనక ఉంది. నా కాళ్లు ముందుకే పోయాయి, మోకాళ్ల లోతుకి. కళ్లు అలవాటుగా నీటిమీద గుర్రపుడెక్కని వెతికాయి. ఒక గుబురు పైకి పోతూ పోతూ నెమ్మదించి, ఆగింది.

వెనకనుంచి షాపాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన అద్దాలకి ఆవిరి పట్టి ఉంది.

"పంతులుగారూ, డెక్క ఆగినట్టుందండీ. బయల్దేరదామా?"

"ఆయ్" అన్నాను.

ఒక్క ముక్క. గొంతు కూడా మా ఇద్దరిదీ తాతగారిదే. దూకాను.

అర్ఘ్యం మీద నేను రాసినవన్నీ పోగేస్తే ఒక పుస్తకమవుతుంది. నా జీవితంలో అర్ఘ్యం వల్ల నాకు మేలు జరిగింది ఆ ఒక్క రోజే. ఎగువకి ఏటవాలుగా పెట్టాను. నీళ్లు చల్లగా, మెత్తగా ఉన్నాయి. సగం దూరంలో పాటు అందుకోవడం కాళ్లకి తెలిసింది. గురి ఇంకాస్త పైకి జరిపాను. వెనక్కి తిరిగి చూశాను. నీలం భుజాలు వరసగా, నేను ఎటు తిరిగితే అటు. అందులో బావ ఏదో నాకు తెలియలేదు. చాలా కాలం తర్వాత నాకు ఎవరిమీదా అసూయ లేదు. అది ఒడ్డు తగిలేదాకా ఉంది.

లంక మీదికి సరిగ్గా రేవులోనే ఎక్కాం. ఒక్కరూ బురదలో పడలేదు. షాపాయన రొప్పుతూనే నాకు దండం పెట్టాడు.

"ఏం తీసుకొచ్చేరండీ పంతులుగారూ. మాస్టారు ఉన్నప్పుడు కూడా ఇంత సాఫీగా రాలేదండి బాబూ."

ఇంకొకడు అందుకున్నాడు. "మాస్టారు మధ్యలో ఆగి లెక్చరు ఇచ్చేవోరు కదండీ."

నవ్వులు. నేను టోపీ తీయలేదు. అద్దాలు తీయలేదు. నా ఈతని వాళ్లు బావ పేరుమీద మెచ్చుకుంటుంటే, అదే నోటితో నన్ను చిన్నబుచ్చుతుంటే, నాకు నామీదే అసూయ వేసింది. ఇంతకంటే వింత స్థితి మనిషికి ఉంటుందా అని ఒక పక్క బుర్ర విశ్లేషిస్తూనే ఉంది. ఇప్పుడు చెప్పాలి, "నేను మాస్టార్ని" అని. నోరు తెరిచాను. ఇంకాసేపు ఆగుదాం, ఇంకొక్క మెచ్చుకోలు విందాం అనిపించింది.

ఆ ఇంకాసేపులో బావ ఒడ్డెక్కాడు, అందరికంటే ఆఖర్న. టోపీ తీసి పిలక పిండుకున్నాడు. అందరూ వాణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"నన్ను కాదండీ పొగడాల్సింది" అన్నాడు, ఊపిరి కూడదీసుకుని. "నేను జపంలో ఉండి వెనకబడిపోయేను. ముందు ఈదింది మా బావ. ఏరు వాడికి తెలిసినట్టు నాకు తెలీదు. వాడి వెనకాలే వచ్చేను కాబట్టి గట్టెక్కేను."

అంతే, అందరూ బావ చుట్టూ చేరారు. ఎంత నిగర్వి, ఎంత నిజాయితీ, ఈ రోజుల్లో ఎవరు చెబుతారండీ ఇలా అని. షాపాయన వాడి చేతులు పట్టుకుని ఊపేస్తున్నాడు.

నిజం చెప్పడం నా వృత్తి. ఆ లంక మీద నేను చెప్పడానికి మిగిలిన నిజం అదొక్కటే ఉంది. అదీ వాడే చెప్పేశాడు, నాకంటే ముందు, నాకంటే బాగా.

పొట్టిక్కలు వేడివేడిగా తెచ్చారు. బావ ఒకటి విప్పి, కొబ్బరి పచ్చడి వేసి నా చేతిలో పెట్టాడు.

"తిను బావా. నీరసంగా ఉన్నావు."

"ఆకలిగా లేదు" అన్నాను. ఆకలి దంచేస్తోంది. వాడు ఆ ఆకుని నా చేతిలోనే వదిలేసి, అవతల తన కోసం నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ ఆ పేటాయన దగ్గరికి వెళ్లిపోయాడు.